చెవులతో చూసిన జట్టు

హైదరాబాదు నుంచి దక్షిణంగా పోయే బస్సు షాద్‌నగరు దాటిందంటే రెండు సంగతులు మొదలవుతాయి. ఒకటి గుట్టలు. రెండవది రేడియోలో గరగర.

గుట్టల సంగతి కళ్ళున్నవారందరికీ తెలిసేదే. ఏనుగులంత బండలు ఒకదానిమీద ఒకటి, ఎవరో తీరికగా పేర్చిపెట్టి మరిచిపోయినట్లు నిలబడి వుంటాయి. రేడియో సంగతి చెవులున్నవారికే తెలుస్తుంది. మీడియం వేవ్ అల పగటిపూట నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. తడిమట్టి మీదైతే హాయిగా సాగుతుంది గాని, ఎండిన నల్లరాతి నేల మీద అడుగడుగునా నీరసించిపోతుంది. రాత్రయితే కథ మారుతుంది. అల ఆకాశంలోని పైపొరలకు తగిలి తిరిగివచ్చి ఎంతో దూరాన దిగుతుంది. మహబూబ్‌నగరానికి, నల్లగొండకు హైదరాబాదు చెరి వంద కిలోమీటర్ల దూరమే అయినా, పగలు ఆ వంద కిలోమీటర్లే గొప్ప దూరం. క్రికెట్టు ఆడేదేమో పగలు!

అటువంటి నేలమీద కూర్చుని హైదరాబాదు రంజీ జట్టును ఏళ్ళ తరబడి వెంబడించినవారు ఎందరో వున్నారు. టెస్టుమ్యాచి సంగతి వేరు, దేశమంతా వింటుంది. రంజీ జట్టు అంటే మన ప్రాంతపు జట్టు. ఆ ఆటకు పెద్దగా జనం రారు. పత్రికలో నాలుగు పంక్తులు పడితే గొప్ప. రేడియోలో ఫైనలు వంటి ఆటలకు కామెంటరీ వుంటే వుండేది, తక్కిన రోజుల్లో వార్తల చివర ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం కోసం కాచుకున్నవారిని కలుసుకుందామనే నేను బయలుదేరాను.

మహబూబ్‌నగరంలో పిల్లలమర్రికి పోయే దోవలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడున్నారు. చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నవారు. కామెంటరీ హిందీలో వస్తే ఆయన విని, చుట్టూ కూచున్నవారికి తెలుగులో చెప్పేవారట. వాళ్ళింటి దొడ్లో రెండు వెదురుబొంగుల మధ్య ఏరియల్ తీగ కట్టి వుండేది. ఎర్తు తీగ బావి పక్కన గోతిలో దిగేసి వుండేది. ఎండాకాలం నేల ఆరిపోతే గరగర హెచ్చేది. అప్పుడు ఆ గోతిలో చెంబెడు నీళ్ళు పోస్తే మాట తేటపడేదట. ఇది కట్టుకథ కాదు సుమా! నేల తడిస్తే ఎర్తు బాగా పనిచేస్తుంది.

"మా అమ్మ తిట్టేది సార్. 'తాగనీకె నీళ్ళు లేకుంటె, పెట్టెకు తాపుతున్నవా బిడ్డా?' అని. కరువు దినాలు గద! అయినా జయసింహ ఆడుతున్నడంటే ఒక చెంబు నేనే దొంగతనంగ పోసేటోన్ని" అన్నారాయన.

ఎం.ఎల్. జయసింహ పదహారు సీజన్లు హైదరాబాదు జట్టుకు నాయకత్వం వహించాడు. పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటివారు ఆ జట్టులో ఆడారు. ఇంతమంది వుండీ ఆయన నాయకత్వంలో రంజీ ట్రోఫీ ఒక్కసారీ రాలేదు. 1964–65లో ఫైనలు దాకా పోయి బొంబాయి చేతిలో ఓడిపోయారు. ట్రోఫీ మొదటిసారి వచ్చింది 1937–38లో. ఆనాడు నవానగర్ మీద ఒక్క వికెట్టు తేడాతో గెలిచారు. ఐబరా 137 పరుగులు చేసి నాటౌటుగా నిలిచాడు. రెండవసారి వచ్చింది 1986–87లో.

"నేను పుట్టిన ఏడు ఒకపారి గెలిచిన్రు. మల్ల గెలిచేటాల్లకు నా తల నెరిసింది" అని నవ్వారు మాస్టారు.

ఆ రెండవ గెలుపు ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో ఢిల్లీ మీద వచ్చింది. అదే సీజనులో అబ్దుల్ అజీం తమిళనాడు మీద 303 పరుగులు చేసి నాటౌటుగా మిగిలాడు. ఫైనలు గడువులో తెమలకపోతే మొదటి ఇన్నింగ్సులో ఆధిక్యం వున్నవారిదే గెలుపని రంజీ నియమం. కనుక ఆఖరి బంతికి కేరింతలు కొట్టే గెలుపు కాదది. ఆధిక్యం మనదేనన్న మాట చెవిన పడ్డప్పుడే మాస్టారు లేచి, చెంబెడు కాదు, బిందెడు నీళ్ళు గోతిలో గుమ్మరించారట. అప్పటికి తల్లి లేదు, తిట్టేవారు లేరు.

మహబూబ్‌నగరం నుంచి జడ్చర్ల, అక్కడినుంచి కల్వకుర్తి దోవ. కందిచేలు, తాటిచెట్లు, మళ్ళీ బండలు. "పాలమూరు లేబరు" అనే మాట దేశంలో ఆనకట్టలు కట్టిన చోట్లన్నిటా తెలుసు. ఈ వూళ్ళ జనం సంసారాలు మూటగట్టుకుని ఎక్కడెక్కడికో పోయి మట్టి మోశారు, రాళ్ళు కొట్టారు. కల్వకుర్తి దగ్గర ఒక ముసలి మేస్త్రీ కనిపించాడు. పనికి పోయిన చోటికల్లా ట్రాన్సిస్టరు మోసుకుపోయేవాడట.

"దాన్ని గిరగిర తిప్పాలె సారూ. ఒక దిక్కు పెడితే గరగర, ఇంకో దిక్కు పెడితే మాట. పగలు ఏం రాదు. రాత్రి అన్నం తిన్నంక హైదరాబాదు అందేది."

వింత చూశారా! వంద కిలోమీటర్లలో ఇంటిపట్టున వున్నవాడికి పగలు అందనిది, పరాయి రాష్ట్రంలో గుడిసె ముందు కూచున్నవాడికి రాత్రి అందింది. ఆట అర్థమయ్యేదా అని అడిగాను.

"ఆట యాడ తెలుస్తది? వార్తల్ల హైదరాబాదు గిన్ని పరుగులు చేసింది అంటరు గద, గా పేరు ఇనబడితే చాలు. మా దిక్కోళ్ళు బతికే వున్నరు అనిపించేది."

ఇంతకంటె మంచి కారణం నాకెవరూ చెప్పలేదు.

మల్లేపల్లి మీదుగా నాగార్జునసాగరం చేరాను. హైదరాబాదులో మొట్టమొదటి టెస్టుమ్యాచి 1955 నవంబరు 19న ఫతేమైదానంలో మొదలయింది. న్యూజీలాండు మీద ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అదే. సరిగ్గా మూడువారాలకు, డిసెంబరు 10న, నెహ్రూ ఇక్కడ శంకుస్థాపన చేశారు.

ఈ ఆనకట్టకు క్రికెట్టులో ఒక విశేషం వున్నది. ఎడమగట్టున నల్లగొండ జిల్లా, అంటే హైదరాబాదు జట్టు. కుడిగట్టు అవతల మాచర్ల, అంటే ఆంధ్ర జట్టు. ఆంధ్ర జట్టు 1953–54లో రంజీలో అడుగుపెట్టింది. రాష్ట్రాలు 1956లో కలిశాయి, 2014లో విడిపోయాయి. జట్లు రెండూ ఏనాడూ కలవనే లేదు.

1994 జనవరిలో ఈ రెండూ సికిందరాబాదులో తలపడ్డాయి. హైదరాబాదు ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ నాటౌటుగా 207. వార్తల్లో ఆ అంకె విని, చదివేవారు పొరబడ్డారేమో అనుకున్నానని ఇక్కడి టీకొట్టు యజమాని చెప్పాడు. రోజూ కుడిగట్టు నుంచి వచ్చి టీ తాగే స్నేహితుడొకడు ఆ తర్వాత మూడు రోజులు మొహం చూపలేదట. నాలుగోరోజు వచ్చి, "టీ ఇవ్వు బావా, అంకె మాత్రం చెప్పకు" అన్నాడట.

చివరికి నల్లగొండ. లతీఫ్ సాహెబు గుట్ట నీడ పడే దిక్కున ఒక మైదానంలో కుర్రాళ్ళు ఆడుతున్నారు. పదిహేనేళ్ళవాడొకడు ఎడమచేత్తో బంతి వేస్తున్నాడు. వాడిని 366 అంటే ఏమిటని అడిగాను. "తన్మయ్ అగర్వాల్ సార్!" అన్నాడు తడుముకోకుండా. నిజమే. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ చేసినవీ సరిగ్గా 366 పరుగులే. 147 బంతుల్లో మూడువందలు దాటాడు. వాడు ఫోనులో చూశాడు. శ్రీధర్ పేరు వాడు వినలేదు. రెండుసార్లు ట్రోఫీ నెగ్గిన జట్టు 2023–24లో ప్లేట్ విభాగానికి, అంటే కింది తరగతికి దిగి ఆడవలసి వచ్చిందన్నది మాత్రం వాడికి బాగా తెలుసు. "మల్ల గెలిచి పైకి వచ్చినం" అన్నాడు. "వచ్చినం" అనటం గమనించాను. ఆ జట్టు ఆడగా వాడు మైదానంలో కూచుని ఒక్కసారీ చూడలేదు.

వాడి తాత గట్టుమీద కూచుని వున్నాడు. ఒళ్ళో పాత ట్రాన్సిస్టరు, దానికి రబ్బరుబ్యాండుతో కట్టిన బ్యాటరీ మూత. మనవడు నగరంలో ఆడటానికి తెల్లవారుజామున నాలుగింటికే బస్సెక్కుతాడట. ఒక మ్యాచికి పోయివస్తే రెండు కూలిరోజుల డబ్బు ఖర్చు.

"నలభై ఏండ్లు ఇన్న సారూ. ఆ పదకొండు పేర్ల ముందల మా నల్లగొండ అని ఎన్నడన్నా అంటరా అని చెవులు రిక్కించి ఇన్న. అనలే" అన్నాడు తాత.

"ఇప్పుడు రేడియో ఎందుకు? మనవడి పేరు వస్తే ఫోనులో కనపడుతుంది గదా!" అన్నాను.

ఆయన ట్రాన్సిస్టరును కొంచెం గుట్టవైపు తిప్పాడు. గరగర తగ్గింది.

"ఫోన్ల వస్తే వాడు సూస్తడు, నేను సూస్త. రేడియోల చెప్తే వూరంత ఇంటది."