కోదాడ నుంచి చికాగో ఎంత దూరం?

అమ్మాయి పురిటికి అమెరికా ప్రయాణమా? సంతోషం! కారప్పొళ్ళు, వడియాలు, పసిబిడ్డకి మెత్తటి పాత చీరలు అన్నీ సర్దేసి ఉంటారు. మరి ఎన్ని గంటల ప్రయాణమో లెక్క చూసుకున్నారా? టిక్కెట్టు మీద ఉందిగా అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు!

పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే ఓ దారం తీసుకుని, ఒక కొస హైదరాబాదు మీద, రెండో కొస చికాగో మీద బిగించి పట్టుకోండి. దారం పడమరకి పోదు! ఉత్తరానికి లేచి, రష్యా దాటి, ధ్రువానికి దగ్గరగా వెళ్ళి, కెనడా మీదుగా దిగుతుంది. ఆ దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో మూడోవంతన్న మాట. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు ఊళ్ళకీ నేరుగా విమానం వేసింది గానీ, ఎక్కువ కాలం నడవలేదు. ఇప్పుడు దారిలో ఎక్కడో ఒకచోట మారాల్సిందే. దుబాయి మీదుగా అయితే దాదాపు 900 కిలోమీటర్లు చుట్టు.

ఇక టైము సంగతి. తెల్లవారుజామున 4కి ఎక్కి, అదే రోజు మధ్యాహ్నం 3కి చికాగోలో దిగుతారని టిక్కెట్టులో ఉందనుకోండి. పదకొండు గంటలేగా అనిపిస్తుంది. కానీ వేసవిలో చికాగో మనకంటే పదిన్నర గంటలు వెనక (చలికాలంలో పదకొండున్నర). అంటే అసలు ప్రయాణం ఇరవై ఒకటిన్నర గంటలు!

దానికి మన రోడ్డు కూడా కలపండి. మనకి దగ్గర గన్నవరమే అయినా, అమెరికా వెళ్ళేవాళ్ళు ఎక్కువగా శంషాబాదే పోతారు. సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా సుమారు 180 కిలోమీటర్లు, నాలుగు గంటలు. సంక్రాంతి వెళ్ళిన మర్నాడైతే పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంతసేపు ఆగుతారో దేవుడికే ఎరుక! విమానానికి మూడు, నాలుగు గంటల ముందుండాలి కదా, కాబట్టి రాత్రి ఎనిమిదింటికే ఇల్లు కదలాలి. గడప దాటింది మొదలు చికాగోలో దిగేదాకా దాదాపు ముప్పై గంటలు.

ఈ లెక్క ఎందుకంటే, మందుల కోసం. బి.పి. మాత్ర అక్కడి గడియారం చూసి వేసుకుంటే మధ్యలో ఎంత ఎడం పడుతుందో చూడండి! ఇన్సులిన్ వాడేవాళ్ళు ఏ వేళకి ఎంతో డాక్టరుగారిచేత ముందే కాగితం మీద రాయించుకోండి. మందులు పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోనే సుమండీ. మాంసం పచ్చళ్ళ జోలికి వెళ్ళకండి, అక్కడి కస్టమ్స్‌వాళ్ళు ఒప్పుకోరు. విమానంలో మొహమాటపడకుండా గంటకో, రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయండి, కాళ్ళు వాయవు. ఒంటరిగా వెళ్ళేవారు వీల్‌చెయిర్ కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పించండి. నడవలేనివాళ్ళకే అనుకోకండి. దుబాయిలో దారి వెతుక్కునే పని తప్పుతుంది.

అన్నట్టు, తిరుగు ప్రయాణంలో గాలి వాటం కలిసొచ్చి గంటా రెండు గంటలు తగ్గుతుంది గానీ, తారీఖు ముందుకి దూకుతుంది. సోమవారం రాత్రి అక్కడ ఎక్కితే బుధవారం తెల్లవారుజామున శంషాబాదులో దిగుతారు. కారు కోదాడ నుంచి మంగళవారం రాత్రే బయల్దేరాలని మావారికో, అబ్బాయికో ముందే గట్టిగా చెప్పి ఉంచండి.