మూలమట్టము

కోణమనగా నేమని యడిగినచో, చదువుకొన్న గృహస్థులలో పెక్కండ్రు లంబకోణమునకు 90 డిగ్రీలని తడుముకొనక చెప్పుదురు. డిగ్రీ యన నేమని మరల నడిగినచో మాత్రము మాట మార్చుదురు. మేమును అట్టివారమే యని గత కార్తికమాసమున మా యింటి వసారాలోనే తెలిసికొంటిమి.

నరసరావుపేటలోని మా యింటి వసారాకు నాపరాళ్లు పరపించుచుంటిమి. మాచర్ల ప్రాంతమునుండి వచ్చిన తాపీమేస్త్రి రాళ్లు పరచుచుండెను. అతని భార్య మాలు కలిపి యందించుచుండెను. వారి కూతురు, పదునొకండేండ్లది, ఒక ప్రక్కన ఇసుక జల్లించుచుండెను.

ఆరవ తరగతి చదువు మా మనుమరాలు ఆ సాయంకాలము బడినుండి వచ్చి, పుస్తకములో గీచిన రెండు కోణములను మాకు చూపెను. ఒకదాని భుజములు పొట్టివి. కోణము 60 డిగ్రీలు. రెండవదాని భుజములు పొడుగువి. కోణము 40 డిగ్రీలు. ఏది పెద్దదని మేమడుగగా రెండవదే యనెను. "గీతలు పొడుగ్గా ఉన్నాయి గదా తాతయ్యా!" అని కారణమును చెప్పెను. మేము కోపించి డిగ్రీలు చూడుమంటిమి. "డిగ్రీ అంటే ఏమిటి?" అని యడిగెను. పూర్తి చుట్టులో 360వ భాగమని వల్లెవేసితిమి. ఆ బిడ్డకు ఏమియు బోధపడలేదు.

మాలు కలుపుచున్న ఆ యిల్లాలు తల యెత్తి, "చూడు పాపా, కిటికీ రెక్క చిన్నది, తలుపు రెక్క పెద్దది. రెండూ సగం సగం తీస్తే ఒకటే తీసినట్టు గదా? రెక్క పెద్దదైతే ఎక్కువ తీసినట్టా?" అనెను. మా మనుమరాలు లేచి పోయి తలుపును కొంత, కిటికీని కొంత తెరచి చూచి, నవ్వుచు తిరిగి వచ్చెను.

కోణమనగా తిరుగుడు. భుజముల పొడవుతో దానికి పని లేదు. ఈ యొక్క మాట తెలిసినచో కోణభేదములన్నియు తలుపు వద్దనే నేర్చుకొనవచ్చును. మూసిన తలుపు శూన్యకోణము. ఓరగా తీసినది అల్పకోణము. దీనినే కొందరు లఘుకోణమందురు. గడపకు అడ్డముగా నిలిచినది లంబకోణము. అంతకు మించి తీసినది అధికకోణము. రెక్క పూర్తిగా తిరిగి గోడకు ఆనుకొన్న, గడపతో ఒకే గీతలో నిలిచి సరళకోణమగును; 180 డిగ్రీలు. తలుపు అంతకు మించి తిరుగదు గాని గానుగయెద్దు తిరుగును. అరచుట్టు దాటి, చుట్టు పూర్తి కాకమునుపు అది ఎక్కడ నిలిచినను పరావర్తన కోణము. బయలుదేరిన చోటికి వచ్చెనా, సంపూర్ణకోణము, 360 డిగ్రీలు.

మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలు ప్రభలను చూడనివారు మా ప్రాంతమున అరుదు. నిట్టనిలువుగా నున్న ప్రభ నేలతో ఇరువైపుల లంబకోణమే చేయును. ఒరిగెనా, ఒరిగిన వైపున అల్పకోణము, రెండవ వైపున అధికకోణము ఏర్పడును. ఒకటి తగ్గినంత రెండవది పెరుగును. రెండును కలిసి 180 డిగ్రీలే. క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున యూక్లిడ్ లంబకోణమును నిర్వచించినది యీ రీతిగానే. ఒక గీతపై మరియొక గీత నిలిచి ఇరుప్రక్కల సమానకోణములు చేసినచో అవి లంబకోణములనెను. అందు డిగ్రీల ప్రసక్తియే లేదు.

మరునాడు మేస్త్రి మూలమట్టమును గోడమూలకు ఆనించి పెదవి విరిచెను. మూలనుండి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండవ గోడ వెంట 4 అడుగులు కొలిచి గుర్తులు పెట్టి, వాని నడుమ టేపు పట్టెను. 5 అడుగులు రావలసినచోట ఒక అంగుళము హెచ్చు వచ్చెను. ఈ 3, 4, 5 లెక్కకు మూలమైన సూత్రము బౌధాయనుని శుల్బసూత్రములలోనే కలదు. మన భాషలో గణితమును పద్యములలో వ్రాసిన పావులూరి మల్లన 11వ శతాబ్దివాడు. ఇదంతయు మేము చదివినదే. కాని టేపు పట్టినవాడు మేస్త్రి.

ఒక అంగుళము హెచ్చనగా ఆ మూల రమారమి 92 డిగ్రీలు. రెండు డిగ్రీలే గదా యంటిమి. "వసారా 30 అడుగులు గదండీ, ఆ కొసకు పోయేటప్పటికి అడుగు తేడా వస్తది" అని అతడు చెప్పెను. లెక్క వేసి చూడగా అంతే యయ్యెను. ఆ గోడ కట్టిన నాడు మూల సరిచూచుకొనుటకు వ్యవధి యీయక పనివారిని తొందరపెట్టినవారము మేమే.

ఆ సమయముననే మా మనుమరాలు, "తాతయ్యా, ఆ అమ్మాయి బడికి పోదా?" అని అడిగెను.

మూడు దినములుగా ఆ బాలిక బడివేళ మా కన్నులయెదుట ఇసుక జల్లించుచుండెను. స్త్రీవిద్యనుగూర్చి వ్యాసములు వ్రాయు మేము దానిని చూచితిమి, అడుగలేదు. 6 మొదలు 14 ఏండ్ల వరకు పిల్లలకు ఉచిత నిర్బంధవిద్య హక్కని 2009లో చట్టము చేయబడిన సంగతి మాకు తెలియును. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. "పనున్న ఊరల్లా తిరుగుతామండీ. ఆడపిల్లని ఒంటరిగా ఎట్టా వదిలేది?" అని తల్లి యనెను. తలుపురెక్కతో కోణమును బోధించిన ఆమె తాను బడి గడప తొక్కలేదట.

ఇద్దరు బాలికలును ఒకే యీడువారు. ఒకతె పుస్తకమునొద్ద, ఒకతె జల్లెడయొద్ద నుండిరి. నేడు వారి నడుమ దూరము స్వల్పముగా కనబడవచ్చును. కాని భుజములు సాగినకొలది కొసల నడుమ ఎడము పెరుగును. ముప్పదియేండ్లకు అది ఎంత యగునో ఆ వసారాయే మాకు చెప్పినది. దిద్దవలసినది కొసవద్ద కాదు, మూలవద్ద.

బడుగు కుటుంబముల బాలికలకు వసతితో చదువు చెప్పుటకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు 2004నుండి వెలసినవి. పని ముగియులోపల ఆ తల్లిదండ్రులను వెంటబెట్టుకొని యట్టి పాఠశాలకు పోయితిమి. బాలికను చేర్చుకొనిరి. తల్లి గేటు దాటునంతవరకు వెనుదిరిగి చూచుచునే యుండెను.

మా వసారా చక్కగానే కుదిరినది. మేస్త్రి త్రాడు కట్టి రాళ్లు వరుసగా పరచి, గోడవెంట మిగిలిన సందులో ఏటవాలుగా కోసిన ముక్కలను అమర్చెను. ఒక కొసన అవి దారమంత, ఆవలి కొసన అడుగంత. వచ్చినవారు అదేమని యడిగిన, మా తొందరపాటని చెప్పుచున్నాము. ఇండ్లలో పని చేయించు చదువరులు మూల సరిచూచుకొందురు గాక. ఇసుక జల్లించునది ఎవరో కూడ ఒకమారు అడుగుదురు గాక.