పెరటి మడులు, కుక్క గిన్నె: అనకాపల్లిలో ఒక పరిశీలన

వాడుకలో 'చేసి చూడటం' అని తేలికగా చెప్పుకునే పనికి తెలుగు మనోవిజ్ఞాన పాఠ్యగ్రంథాలలో 'యత్నదోష పద్ధతి' అని పేరు. ఒక ప్రయత్నం చేయడం, అది తప్పితే మరొకటి చేయడం, తప్పినవాటిని వదులుతూ ఫలించినదాన్ని నిలుపుకోవడం దాని స్వరూపం. ఈ మాట జంతు ప్రవర్తన శాస్త్రంలో స్థిరపడటంలో ఒక పెంపుడు కుక్కకు పాత్ర ఉన్నది. 19వ శతాబ్దం చివర బ్రిటిష్ మనోవిజ్ఞాని సి. లాయిడ్ మోర్గాన్ ఇంట పెరిగిన టోనీ అనే కుక్క గేటు కమ్మీల మధ్య తల దూర్చి అటూఇటూ ఆడిస్తుండగా ఒకసారి గడియ పైకి లేచి గేటు తెరుచుకున్నది. ఆ తరువాత రోజుల తరబడి వృథా ప్రయత్నాలు తగ్గుతూ వచ్చి, చివరకు అది నేరుగా గడియ దగ్గరకే వెళ్లి తల పెట్టడం నేర్చుకున్నది. 1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులనూ కుక్కలనూ గడియపెట్టెలలో ఉంచి ఇదే విషయాన్ని కొలిచి చూపాడు. తృప్తినిచ్చిన చర్య బలపడుతుందని, ఇవ్వనిది క్షీణిస్తుందని ఆయన చెప్పిన సూత్రమే తరువాత 'ఫలిత నియమం'గా ప్రసిద్ధి పొందింది. తిండి దగ్గర మొరాయించే ఒక కుక్కనూ, ఆ కుక్క తిరిగే పెరటినీ చూడటానికి ఈ వ్యాసకర్త ఆషాఢ మాసంలో అనకాపల్లి వెళ్లినప్పుడు, ఆ కుక్క ఉన్న ఇంటికంటే ముందు అదే పట్టణంలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని చూడటానికి కారణం ఈ పూర్వకథే.

శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. అంతకు చాలా ముందునుంచే బెల్లం మార్కెట్టుతో దేశమంతటా పేరుపడింది. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం 1913లో చెరకు పరిశోధన కోసం మొదలై, ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉత్తర కోస్తా మండలానికి కేంద్రంగా పనిచేస్తున్నది. రైతుల నోట వినిపించే '87 ఎ 298' వంటి చెరకు రకాల పేర్లలో మొదటి అంకె సంవత్సరాన్ని, మధ్య అక్షరం అనకాపల్లిని సూచిస్తాయి. ఉయ్యూరు నుంచి వచ్చిన రకాలకు అదే స్థానంలో 'వి' ఉంటుంది. ఒక రకం రైతు పొలానికి చేరేలోగా పదేళ్లకు పైగా పడుతుందనీ, వేలాది నారు మొక్కలలో మిగిలేవి వేళ్లమీద లెక్కపెట్టదగినన్నేననీ తెలిస్తే, ఆ చిన్న పేరు వెనుక ఎంత నిరాకరణ ఉన్నదో అర్థమవుతుంది.

ప్రయోగ క్షేత్రంలో కొత్తవారికి మొదట వింతగా తోచేది, ఒకే రకం చెరకు ఒకచోట కాక దూరదూరంగా ఉన్న మూడు నాలుగు మడులలో పెరుగుతూ ఉండటం. ఒక మూల నేల కాస్త పల్లంగా ఉండవచ్చు, మరొక మూల చెట్టునీడ పడవచ్చు. అక్కడ బాగా పండిన చెరకు తన గుణంవల్ల పండిందో, చోటువల్ల పండిందో ఒక్క మడిని చూసి చెప్పడం అసాధ్యం కాబట్టి, ప్రతి రకాన్నీ పలుమార్లు వేయడాన్ని 'పునరావృతం' అనీ, ఏది ఎక్కడ పడాలన్నది మనిషి ఇష్టానికి వదలక చీటీ వేసినట్లు నిర్ణయించడాన్ని 'యాదృచ్ఛికీకరణ' అనీ అంటారు. వీటి పక్కన, గుణగణాలు ముందే తెలిసిన పాత రకం ఒకటి పోలికకోసం తప్పక ఉంటుంది. దానిని 'చెక్' అని పిలుస్తారు. ఇటువంటి ప్రయోగ పద్ధతిని ఒక శాస్త్రంగా కూర్చినవాడు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్. 1925లోనూ 1935లోనూ వెలువడిన ఆయన గ్రంథాలు రెండూ ప్రపంచంలోని ప్రయోగ మడులన్నిటికీ కొలబద్దలయ్యాయి. యత్నదోష పద్ధతికీ ప్రయోగానికీ ఉన్న తేడా ఈ పక్క మడిలోనే ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం: మార్చినదాని పక్కన మార్చనిది ఒకటి నిలబడి ఉంటే తప్ప, కనిపించిన ఫలితం ఎవరిదో తెలియదు.

అక్కడి నుంచి గవరపాలెంలోని ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక గృహిణి ఇల్లు అది. పెరడు అయిదారు సెంట్లకు మించదు. ఆనప పాదు, బరబాటీల పందిరి, టమాటా, మిరప తొట్లు, బచ్చలి, గోంగూర ఆ కొద్ది చోటులోనే సర్దుకున్నాయి. ఆరేళ్ల వయసున్న జిమ్మీ అనే కుక్క వరండా మెట్టుమీద పడుకుని ఉన్నది. ఆ ఇంట్లో అన్నిటికంటే విలువైన వస్తువు ఒక రూళ్ల పుస్తకం. ముందునుంచి తెరిస్తే పెరటి లెక్కలు, వెనుకనుంచి తెరిస్తే జిమ్మీ తిండి లెక్కలు, రెండూ తేదీలతో ఉంటాయి.

జిమ్మీ చాలాకాలం పెరుగన్నం, కోడికూర పులుసు కలిపిన అన్నం తిని పెరిగింది. అన్నం కుక్కకు పరాయి తిండి కాదు. తోడేలు తిననంత పిండిపదార్థాన్ని కుక్క అరిగించుకోగలగడానికి ఏఎంవై2బి అనే జన్యువు ప్రతులు దానిలో ఎన్నో రెట్లు పెరగడం ఒక కారణమని 2013లో వెలువడిన పరిశోధన చూపింది. చిక్కు పులుసులో ఉన్నది. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీసి రక్తహీనతకు దారితీస్తాయి, ఉడికించినంత మాత్రాన ఆ గుణం పోదు. పండగనాటి పరమాన్నంలో కనిపించే కిస్‌మిస్‌ మూత్రపిండాలకే చేటు చేయగలదు. ఒంటిమీద దురద, అప్పుడప్పుడు వాంతులు కనిపించిన తరువాత పశువైద్యుని మాటమీద తిండి మార్చాలని నిర్ణయించినప్పుడు, ఆ గృహిణి ఒకే వారంలో బియ్యం మాని చోళ్లు పెట్టింది, కోడిమాంసం మాని గుడ్డు పెట్టింది, పెరుగు ఆపింది, పైగా దుకాణంలో దొరికే పొడి గుళికలూ కలిపింది. కుక్కకు విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు మార్పులలో దోషం దేనిదో పుస్తకంలోని ఆ పుట చెప్పలేకపోతున్నది. ఆ పుట అంచున ఎర్రసిరాతో గీసిన అడ్డగీత ఇప్పటికీ ఉన్నది.

పాత తిండి నుంచి కొత్తదానికి మారేటప్పుడు వారం పది రోజుల వ్యవధి ఇవ్వాలన్నది పశువైద్యంలో స్థిరపడిన పద్ధతి: మొదటి రెండు మూడు రోజులు మూడు పాళ్లు పాతది, ఒక పాలు కొత్తది; తరువాత చెరిసగం; ఆపైన మూడు పాళ్లు కొత్తది. పేగులలోని సూక్ష్మజీవులకు కొత్త తిండి అలవాటు కావడానికే ఈ నిదానం. దురదకు కారణం ఏ తిండో తేల్చాలంటే మరింత కట్టుదిట్టమైన 'తొలగింపు ఆహార పరీక్ష' అవసరం: కుక్క అంతకుముందు తినని ఒక మాంసకృత్తునూ ఒక పిండిపదార్థాన్నీ మాత్రమే సుమారు 8 వారాలు పెట్టి, మరేదీ నోటికి తగలనీయక, దురద తగ్గితే పాత పదార్థాలను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టి చూస్తారు. తిరిగి పెట్టినప్పుడు దురద మళ్లీ వస్తేనే నిర్ధారణ. ఆ మెట్టు దాటకపోతే తగ్గుదల తిండివల్లనో ఋతువు మారడంవల్లనో తెలియదు. జిమ్మీకి చేప, చిలగడదుంపలతో ఈ పరీక్ష ఆరవ వారంలో నడుస్తున్నది.

ఇక మొరాయింపు సంగతి. నాలుకపై రుచి మొగ్గలు మనిషికి దాదాపు 9,000 ఉంటే కుక్కకు సుమారు 1,700 మాత్రమే ఉంటాయి. అది తిండిని ప్రధానంగా వాసనతో ఎంచుకుంటుంది కాబట్టి గోరువెచ్చగా చేసి పెడితే ముట్టుకునే అవకాశం పెరుగుతుంది. అయితే ఆ ఇంట్లో, కుక్క గిన్నెను వాసన చూసి తల తిప్పుకున్నప్పుడల్లా పైన బెల్లం ముక్క చిదిమి వేయడం అలవాటుగా ఉండేది. అనకాపల్లిలో బెల్లం చేతికందని ఇల్లు ఉండదు గదా. బెల్లంలో సింహభాగం చక్కెరే. అది కుక్కకు విషం కాకపోయినా ఒళ్లు పెంచుతుంది, పళ్లు పాడుచేస్తుంది, అంతకంటే ముఖ్యంగా ఒక పాఠం నేర్పుతుంది. తల తిప్పుకుంటే తీపి వస్తుందన్నది జిమ్మీకి థార్న్‌డైక్ చెప్పిన తృప్తికరమైన ఫలితం. యజమానురాలు కుక్కతో ప్రయోగం చేస్తున్నాననుకున్న అన్నాళ్లూ కుక్క కూడా యజమానురాలితో ప్రయోగం చేస్తూనే ఉన్నది, పైగా అది ఒక్క చర్యనే మళ్లీమళ్లీ చేసింది కాబట్టి దాని ప్రయోగమే ముందు ఫలించింది. ఇప్పుడు గిన్నెను పావుగంట ఉంచి, తినకపోతే మాట్లాడకుండా తీసి, మరుపూట వరకు వేరేదేమీ పెట్టకపోవడం నియమం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకే ఈ నియమం చెల్లుతుంది. కూనలకూ జబ్బు కుక్కలకూ ఇది తగదు, ఒక రోజంతా తిండి ముట్టని కుక్కను వైద్యునికి చూపవలసిందే.

పెరటి పుటలలోనూ ఇదే చరిత్ర. ఆనప పాదు పందిరినిండా అల్లుకుని, పూసి, పిందె నిలవక రాలిపోతుంటే, పొరుగున ఉన్న ఒక వృద్ధ రైతు చూసి "ఆకు తిండి ఎక్కువైపోనాది అమ్మగారూ, ఇంక కాయెలా కాస్తాది?" అన్నాడట. నత్రజని మితిమీరితే తీగె ఏపుగా పెరిగి కాపు వెనుకబడుతుందన్న ఆ మాట నిజమే గాని, ఎరువు తగ్గించినా పిందె నిలవలేదు. ఆనపలో మగపూలు, ఆడపూలు వేరువేరు; తెల్లని ఆ పూలు సాయంత్రం విచ్చుకుని రాత్రి రెక్కల పురుగులకోసం ఎదురుచూస్తాయి, పట్టణపు పెరట్లో ఆ పురుగులు అరుదు. అందువల్ల ఆమె ఎదురెదురుగా ఉన్న రెండు కొమ్మలను ఎంచుకుని, ఒకదానిలోని ఆడపూలకు సంజవేళ మగపువ్వు పుప్పొడిని చేతితో అద్ది, రెండవ కొమ్మను ముట్టుకోకుండా వదిలింది. పరిశోధనా స్థానంలోని 'చెక్' మడికి ఇది చిన్న తమ్ముడు. అద్దిన కొమ్మకు కాయలు దిగాయి, రెండవది రాల్చుకుంటూనే ఉన్నది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పినది కోడిగుడ్డు పెంకు. గుడ్డు పెంకులో తొంభై శాతానికి పైగా కాల్షియం కార్బొనేటే. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ కాబట్టి, ఇంట్లో వండిన మాంసాహారం మీదే బతికే కుక్కకు ఎముకలు బలహీనపడతాయి. మెత్తగా దంచిన పెంకు పొడిని వైద్యుడు చెప్పిన కొలతలో కలిపితే ఆ లోటు తీరుతుంది. తొలగింపు పరీక్ష మొదలవకముందు జిమ్మీ గిన్నెలో ఇది చక్కగా అమరింది. అదే పెంకును టమాటా తొట్లలో వేసినప్పుడు మాత్రం కాయ అడుగున నల్లని మచ్చపడి కుళ్లడం ఆగలేదు. ఆ కుళ్లు కాల్షియం కాయకు అందకపోవడంవల్ల వస్తుందన్నది నిజం. కాని చాలాసార్లు నేలలో కాల్షియం ఉంటూనే ఉంటుంది, ఒకరోజు తడి ఒకరోజు ఎండు కావడంవల్ల నీటితోపాటు కాయకు చేరదు. పైగా పెంకు ముక్కలు మట్టిలో కరగడానికి ఏళ్లు పడుతుంది, కుక్క కడుపులోని ఆమ్లం పొడిని త్వరగా కరిగిస్తుంది. తొట్లపై చెరకు ఎండుటాకు పరిచి రోజూ ఒకే కొలతగా నీరు పోసిన తరువాత మచ్చ తగ్గింది. చెరకు తోటలో ఎకరాకు 1.25 టన్నుల ఎండుటాకు కప్పితే తేమ నిలుస్తుందనీ, పీక పురుగు తగ్గుతుందనీ వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతున్న మాటే ఆ తొట్టికీ సరిపోయింది.

రెండు ప్రయోగాలు ఒకదానికొకటి అడ్డుపడే ప్రమాదం ఒకటి ఉన్నది, దానిని ఇక్కడ గట్టిగా చెప్పక తప్పదు. సేంద్రియ ఎరువుగా అమ్మే ఆముదపు పిండిలో రిసిన్ అనే విషం మిగిలి ఉండవచ్చు. ముఖ్యంగా ఎముకల పొడితో కలిపినప్పుడు ఆ వాసనకు ఆకర్షితమై కుక్కలు మట్టి తవ్వి తింటాయి, వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణాలు పోవచ్చు. నత్తల నివారణకు వేసే మెటల్డిహైడ్ గుళికలూ అంతే. కుక్క తిరిగే పెరట్లో ఈ రెండింటికీ చోటు ఉండరాదు. కుక్క మలంలో కొంకి పురుగులు, ఏలిక పాముల గుడ్లు ఉండవచ్చు కాబట్టి అది కూర మడులకు ఎరువు కానే కాదు.

పొద్దు వాలే వేళకు ఆనప పూలు విచ్చుకోసాగాయి. గృహిణి ఒక మగపువ్వు తుంచి పందిరి కిందికి వెళ్లగా, వరండాలో జిమ్మీ ముందు పెట్టిన చేప, చిలగడదుంపల గిన్నెలో సగం మిగిలి ఉన్నది. పావుగంట కాగానే ఆమె తిరిగి వచ్చి, గిన్నె తీసి, మిగిలినదాన్ని చిన్న త్రాసులో తూచి, పుస్తకం వెనుక పుటలో అంకె రాసింది. దాని కింద మరో రెండు వారాల తేదీలు, ఆ తరువాతి తేదీకి ఎదురుగా 'గుడ్డు, ఒక్కటే' అన్న మాట ముందుగానే రాసి ఉన్నాయి; ఆ వరుసలో మిగిలిన గడులు ఖాళీగా ఉన్నాయి.