కోరంగి ఓడ చేరిన దీవిలో ఆటల పండుగ

మారిషస్‌లో ఉగాదికి దేశమంతా సెలవు. 2019లో వికారి నామ సంవత్సరాది ఏప్రిల్ 6న వచ్చింది. సముద్రం అవతలి తెలుగువాళ్ల ఉగాది చూడాలనే రాయవరం నుంచి బయల్దేరాను. తీరా వెళ్లేసరికి దేశం దేశమంతా ఇంకో పండుగ పనుల్లో తలమునకలై ఉంది. జూలై 19 నుంచి 28 దాకా హిందూ మహాసముద్ర దీవుల క్రీడలు అక్కడ జరగాలి. టాక్సీ స్టాండులో, కొట్టు దగ్గర, గుడి మెట్ల మీద ఎవరి నోట విన్నా అదే మాట: జ్యూ దెజీల్, జ్యూ దెజీల్. దీవుల క్రీడలని అర్థం.

ప్రయాణానికి ముందు కోరంగి చూసి వచ్చాను. మా ఊరి నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం, యానాం దాటి వెళ్తే తాళ్లరేవు పక్కన కోరంగి. మడ అడవులు చూడ్డానికి జనం బాగానే వస్తున్నారు. చెక్కవంతెన మీద ఫొటోలు దిగుతున్నారు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1839 నవంబరు ఉప్పెన ఊరిని ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1843లో, ఇక్కడి మనుషుల్ని ఎక్కించుకుని ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ మారిషస్ వెళ్లింది. ఆ రేవు పేరు మీదే అక్కడివాళ్లు తెలుగువాళ్లను కోరంగీలని పిలిచారు. ఇవన్నీ చెప్పే రాయి గానీ బోర్డు గానీ నాకక్కడ ఎక్కడా కనబడలేదు. అది మనసులో పెట్టుకునే ముంబయిలో విమానం ఎక్కాను.

విమానాశ్రయం దాటగానే రోడ్డుకి రెండు పక్కలా చెరుకు. ఆ చెరుకు నాకు కొత్త కాదు. మా మండలంలో చెల్లూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బళ్లు వరస కట్టడం చూస్తూ పెరిగినవాణ్ని. కానీ ఇక్కడి తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు పిరమిడ్లలా లేచి ఉన్నాయి. అగ్నిపర్వతం కక్కిన రాయి అది. దాన్ని చేతులతో ఏరి, గుట్టగా పోసి, మిగిలిన నేలలో చెరుకు నాటారు. ఏరినవాళ్లలో మన గోదావరి వాళ్లూ ఉన్నారు. కారు ఆపించి ఒక గుట్ట దగ్గర కాసేపు నిలబడ్డాను.

కారు నడిపే కుర్రాడు తెలుగువాడే. ఇంట్లో క్రెయోల్, ఆఫీసుల్లో ఫ్రెంచి, ఇంగ్లీషు. తెలుగు మాత్రం బళ్లో నేర్చుకున్నాడు. మొదట నన్ను ‘తోంతోం’ అన్నాడు. క్రెయోల్‌లో పెద్దవాళ్లను అలా పిలుస్తారు. తెలుగువాణ్నని తెలిశాక ‘బాబాయ్ గారూ’ అన్నాడు. “మా ముత్తాత తాత మీ వైపు నుంచే వచ్చారండి. ఊరు పేరు తెలీదు,” అని పుస్తకంలో మాటల్లా ఒక్కొక్కటే పేర్చి చెప్పాడు. క్రీడల్లో వాలంటీరుగా పేరు రాయించుకున్నాడు. బయటి దీవుల నుంచి వచ్చే ఆటగాళ్లను ఎదురెళ్లి తీసుకురావడం తన పని కావాలని ఆశ. “మన ఇంటికి చుట్టాలు వస్తున్నారు కదండీ!” అన్నాడు.

వచ్చే చుట్టాలు ఎవరంటే రీయూనియన్, మడగాస్కర్, సేషెల్స్, కొమొరోస్, మయోట్, మాల్దీవులు. మారిషస్‌తో కలిపి ఏడు. ఈ క్రీడలు 1979లో రీయూనియన్‌లో మొదలయ్యాయి. మారిషస్ 1985లో ఒకసారి, 2003లో ఒకసారి జరిపింది. ఇది మూడోసారి. ఒలింపిక్స్‌లో ఈ దీవుల జెండా పైకి లేవడం అపురూపం. మారిషస్‌కి దక్కిన ఒకే ఒక్క ఒలింపిక్ పతకం 2008 బీజింగ్‌లో బ్రూనో జూలీ బాక్సింగ్‌లో తెచ్చిన కంచు. అందుకే ఈ క్రీడలంటే వాళ్లకంత ప్రాణం. పక్క దీవివాడితో పరుగెత్తి గెలవచ్చు, ఓడినా నాలుగేళ్లకు మళ్లీ చూసుకోవచ్చు.

అలాగని అంతా సజావుగా లేదు. 2015లో రీయూనియన్‌లో మయోట్ ఆటగాళ్లు ఫ్రెంచి జెండా వెనక నడిచారని కొమొరోస్ జట్టు క్రీడలు వదిలేసి వెళ్లిపోయింది. మయోట్ తమదేనని కొమొరోస్ వాదన. ఈసారి ఏడు దీవులనూ ఒకే మైదానంలో నిలబెట్టే బరువు మారిషస్ మీద పడింది. వాళ్లకీ అలాంటి దిగులొకటి ఉంది. చాగోస్ దీవులను తమ నుంచి విడదీయడం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం ఆ ఫిబ్రవరిలోనే అభిప్రాయం చెప్పింది. టీ కొట్టు దగ్గర ఆ మాట చెప్పిన పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాజధాని పోర్ట్ లూయీలో ముందు ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లాను. 1834 నుంచి 1920ల దాకా కూలి ఒప్పందం మీద దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ దీవికి వచ్చారు. బానిసత్వం రద్దయ్యాక తోటల్లో పనికి మనుషులు కావాలి కాబట్టి బ్రిటిష్‌వాళ్లు పట్టిన దారి ఇది. వాళ్లు ఓడ దిగి ఎక్కిన పదహారు రాతిమెట్లు ఈ ఘాట్‌లో మిగిలి ఉన్నాయి. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆనాటి రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మనిషికో నంబరు, 1860ల తర్వాత వచ్చినవాళ్లకు ఫొటో కూడా. మనవళ్లు వెళ్లి అడిగితే వెతికి చూపిస్తారు.

మోకా దగ్గరే కోత్ డోర్. ఈ క్రీడల కోసం జాతీయ క్రీడా ప్రాంగణం కడుతున్న చోటు. చెరుకు తోటల నడుమ క్రేన్లు, కాంక్రీటు, దుమ్ము. ఈతకొలను ఒక పక్క, పెద్ద ఇండోరు హాలు ఇంకో పక్క లేస్తున్నాయి. మూడు నెలల్లో అవుతుందా అని అక్కడందరికీ బెంగే. రేడియోలో పొద్దుటి నుంచి రాత్రి దాకా అదే చర్చ. ఇంత ఖర్చు అవసరమా అనేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న అడగాల్సిందే. 12 లక్షల పైచిలుకు జనం, ఇంచుమించు మన కోనసీమ జిల్లా అంత నేల, అది దేశం! అయినా చాలా చోట్ల జిమ్నాజియం, ఈతకొలను, గడ్డి మైదానం ఉన్నాయి. బాంబూలో, క్యూర్‌పీప్‌లో, ఫ్లాక్‌లో, రోజ్‌హిల్‌లో అన్ని చోట్లా రంగులు వేస్తూ, కుర్చీలు బిగిస్తూ కనబడ్డారు. మన జిల్లాలో అలాంటి ఈతకొలనులు ఎన్నున్నాయో పాఠకులకే తెలుసు.

రోజ్‌హిల్ బ్యాడ్మింటన్ కేంద్రంలో పిల్లలు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. “మా అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, పోయినేడు కామన్వెల్త్‌లో మిక్స్‌డ్ టీమ్ స్వర్ణం, పురుషుల డబుల్స్‌లో రజతం గెలిచాడు,” అని చెప్పాను. “అమలాపురం ఎంత పెద్ద నగరం?” అని ఒక పాప అడిగింది. చిన్న పట్నమే అన్నాను. పాప ముఖం వెలిగిపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఉత్తరాన బెల్ వ్యూలోని అంజలై స్టేడియం ఒక ఎత్తు. 1943 సెప్టెంబరు 27న అక్కడి చక్కెర ఎస్టేటులో కూలీలు సమ్మె చేస్తున్నారు. కూలి పెంచమని, మనుషుల్లా చూడమని అడిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లలో అంజలై కూపెన్ ఒకామె. ముప్పై రెండేళ్ల మనిషి, గర్భిణి. తమిళ కుటుంబపు కూలిమనిషి. దేశంలోని పెద్ద స్టేడియానికి ఆమె పేరు పెట్టుకున్నారు. రాజు పేరు మీద ఉన్నదీ ఒకటుంది, క్యూర్‌పీప్‌లో జార్జ్ ది ఫిఫ్త్ స్టేడియం. దాన్ని మార్చలేదు, కానీ కూలి అడిగి ప్రాణం పోగొట్టుకున్న ఆడమనిషికి దానితో సమానమైన చోటు ఇచ్చారు. నాకు ఆ దేశం మీద గౌరవం స్థిరపడింది అక్కడే. గేటు దగ్గర గడ్డి కత్తిరిస్తున్న ఆమెని అంజలై ఎవరని అడిగితే తడుముకోకుండా చెప్పింది. బళ్లో చదువుకుందట.

పోర్ట్ లూయీకి తిరిగొచ్చాక చూస్తే మెట్రో పట్టాలు పరుస్తున్నారు. పని మన ఎల్ అండ్ టీ సంస్థది. అక్కడ శ్రీకాకుళం వెల్డరొకడు కలిశాడు. నా యాస వినగానే “గోదారోళ్లా బాబూ?” అన్నాడు. రోజూ రాత్రి పిల్లల్తో వీడియోలో మాట్లాడతాడట. రెండేళ్లకు తిరిగి వెళ్లిపోతానన్నాడు. అంత ధీమాగా తిరిగొస్తామని చెప్పగలిగినవాళ్లు ‘కోరంగి ప్యాకెట్’లో ఎంతమంది ఉండి ఉంటారు!

ఉగాది నాడు తెలుగు సంఘం హాలుకి వెళ్లాను. అక్కడ ఏప్రిల్ వసంతం కాదు, ఎండలు తగ్గి చలికాలానికి దారి తీసే రోజులు. మామిడికాయ కాలమూ కాదు. అయినా పచ్చడిలో ఆరు రుచులూ సమకూర్చారు. పంచాంగ శ్రవణం తెలుగులో సాగింది, తర్వాత క్రెయోల్‌లో చెప్పారు. అరిటాకులో భోజనం. చీరలు, పట్టుపంచెలు. రామభజనలో దీపపు స్తంభం చుట్టూ తిరుగుతూ ఆడే పద్ధతి, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ అన్నీ అక్కడ నిలిచే ఉన్నాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దేశంలోనే జరిగాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని “కోరంగి ఎలా ఉందయ్యా ఇప్పుడు?” అని అడిగింది. మడ అడవులున్నాయమ్మా, పడవల్లో తిరగొచ్చు అన్నాను. “మా వాళ్ల గుర్తేమైనా ఉందా?” అంది. లేదని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ బాధపడలేదు. “మీరైనా పెట్టించండి,” అంది. అంతే, వెంటనే మాట మార్చి తన మనవరాలు వాలీబాల్ ఆడుతుందని చెప్పడం మొదలుపెట్టింది.

జూలైలో క్రీడలు అనుకున్న రోజునే మొదలయ్యాయి. పతకాల పట్టికలో మారిషస్ అగ్రస్థానంలో నిలిచింది.

ఆ పెద్దావిడ మాట నేను ఇక్కడ అందరి ముందూ పెడుతున్నాను. కోరంగిలో మడ అడవుల దారి మొదట్లో ఒక రాయి నిలబెట్టండి. దాని మీద ఆ ఓడ పేరు, 1843 అనే ఏడు, అది చేరిన దేశం పేరు చెక్కించండి. సంక్రాంతికి మన ఊళ్లలో వాలీబాల్ పోటీలు పెట్టే కుర్రాళ్లకు ఇంకో మనవి: ఒక్క ఏడాదైనా మారిషస్ తెలుగు పిల్లల జట్టును పిలవండి. వాళ్లు దిగడానికి మా రాయవరంలో ఇళ్లున్నాయి. మిగతా ఊళ్ల వాళ్లు కూడా ముందుకు రండి.