పొగాకు ఊళ్లో వంగ నారు

జంగారెడ్డిగూడెంలో కొత్తగా పెరటి తోట మొదలుపెట్టేవాళ్లు ముందు ఫోన్‌లో వీడియోలు చూస్తారు. కోకోపీట్ ఇటుకలూ గ్రో బ్యాగులూ తెప్పిస్తారు. పక్కింటి పొగాకు రైతుని మాత్రం అడగరు. నారు పెంచడంలో ఆయన్ని మించిన గురువు ఈ మెట్టలో ఎక్కడ దొరుకుతాడు? గ్రాముకి పదివేలు పైగా తూగే విత్తనాన్ని మడంతా సమంగా పడేలా చల్లి, బతికించిన చెయ్యి అది. తోటకూర ఒకచోట గుబురుగా, ఒకచోట బోసిగా మొలిచిందని మనం వాపోతే, చిటికెడు గింజలకి నాలుగు గుప్పిళ్లు పొడి ఇసుక కలిపి చల్లమని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

వానాకాలంలో మడి అర అడుగు ఎత్తుగా ఎందుకు కట్టాలో కూడా ఆయనకే తెలుసు. నీరు నిలిస్తే కాడ మట్టి దగ్గర మెత్తబడి, రాత్రి నిలబడ్డ నారు తెల్లారేసరికి వాలిపోతుంది. నారుకుళ్లు అంటారు. మందుల కొట్టుకి పరుగెత్తేలోపు నీరు తీసేసి, ఒత్తుగా ఉన్నచోట పలచన చేస్తే కొంతైనా దక్కుతుంది. పీకడానికి కొద్దిరోజుల ముందు తడులు తగ్గించి నారుని గట్టిపరచడం, ఎండ తగ్గాక సాయంత్రం పూట నాటడం కూడా ఆ పాఠంలోవే.

అయితే గురువుగారిని పెరట్లోకి రానిచ్చే ముందు చేతులు కడిగించాలి. టమాటా, వంగ, మిరప, పొగాకు ఒకే కుటుంబం. పొగాకుకి వచ్చే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. గ్రేడింగ్ చేసొచ్చిన చేతితోనో, చుట్ట నలిపిన వేళ్లతోనో టమాటా ఆకు తుంచితే చాలు, అంటుకుంటుంది. 1898లో డచ్చి శాస్త్రవేత్త బైయరింక్ ఈ తెగులును పరిశోధిస్తూనే దీనికి కారణం బ్యాక్టీరియా కాదని తేల్చి, వైరస్ అనే మాట వాడాడు. ఆకులో లేత, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి కనిపిస్తే మందు లేదు, పీకి తగలబెట్టడమే. మా వీధిలో ఒకావిడ, “బాబాయ్ గారూ, చుట్ట అక్కడ పడేసి, సబ్బుతో చేతులు కడుక్కుని రండి,” అంటే ఆయన నవ్వి, “మొక్కకి కూడా మడేనా అమ్మాయ్?” అన్నాడు. కడుక్కునే వచ్చాడు.

ఇక్కడి ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలకి మరో చిక్కుంది. నీళ్లు పోసినా ఎరువు వేసినా బెండ ఎదగక పాలిపోతుంటే ఒక మొక్క పీకి వేళ్లు చూడండి. ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే నులిపురుగు చేరినట్టే. చిక్కుడు, బొబ్బర్ల వేళ్ల మీదా బుడిపెలుంటాయి, వాటిని చూసి కంగారు పడకూడదు. గోటితో గీరితే అవి ఊడివస్తాయి, చిదిపితే లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందించేవి అవే. నులిపురుగు ముడి మాత్రం వేరులో భాగమైపోతుంది, ఊడదు. ఆ మడిలో ఒక పంటకాలం బంతి ఒత్తుగా వేస్తే పురుగు తగ్గుతుంది. పూలు పండక్కి గుమ్మానికి పనికొస్తాయి, అది వేరే లాభం.

ఏలూరు వైపు నల్లరేగడికి అలవాటుపడ్డవాళ్లు వారానికోసారి తడిపి ఊరుకుంటే ఇక్కడ మొక్క వడిలిపోతుంది. చివికిన గత్తం దండిగా వేసి, పైన ఎండుటాకు కప్పాలి. కోకో తోటల్లో రాలిన ఆకు తెచ్చుకుంటే ఖర్చు కూడా లేదు.

తొలిసారి వేసేవాళ్లు గోంగూర, తోటకూరతో మొదలుపెడితే నెల తిరక్కుండానే కూర వండుకోవచ్చు. ఆనప పాదుకి మొదట వచ్చేవన్నీ మగపూలే. అవి రాలిపోతున్నాయని బెంగపడి మందు కొట్టనక్కర్లేదు. అన్నిటికన్నా తొందరపాటుకి బలయ్యేది పందిరి చిక్కుడు. ఆషాఢంలో పెడితే దసరా దాకా ఒక్క పువ్వుండదు. గొడ్డుపాదని కోసేసినవాళ్లున్నారు. పొద్దు కుంచించుకుపోయి రాత్రి నిడివి పెరిగితేనే దానికి మొగ్గ. పొట్టి రకాలకి చాలావరకు ఈ పట్టింపు లేదు. ఈలోపు తీగ ఏపుగా పెరిగి పక్కవాళ్ల గోడెక్కి అటువైపు కాస్తే ఆ కాయలెవరివన్న తగువొకటి మొదలవుతుంది. ఆ తెగులుకి వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో కూడా మందు దొరకదు.