ఎల్లారెడ్డి పందిట్లో రెండు దరువులు

పిల్లలూ! పెళ్ళి ఊరేగింపులో డీజే మోత మీరు వినే ఉంటారు. ఒక పాట ఆగకముందే మరొక పాట దానిలో కలిసిపోతుంది. అది ఎలా జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ మధ్య నా పాత శిష్యుని కూతురు పెళ్ళికి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్ళాను. అక్కడ నేను చూసిన సంగతి మీకు చెబుతాను.

ముందు దారి సంగతి వినండి. కామారెడ్డి, హైదరాబాదు నుంచి నిజామాబాదు పోయే రైలుదారి మీద ఉన్నది. శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి కూడా ఈ ఊరి మీదుగానే పోతుంది. బెల్లం వ్యాపారానికి పేరు పొందిన ఊరు ఇది. పూర్వం నిజామాబాదు జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న వేరు జిల్లా అయింది. ఇక్కడ బస్సెక్కి తాడ్వాయి, లింగంపేట మీదుగా పోతే ఎల్లారెడ్డి చేరుతాము. లింగంపేటలో నాగన్నబావి అనే అందమైన పాత మెట్లబావి ఉన్నది. శిథిలమైపోతున్న ఆ బావిని ఇటీవల బాగుచేశారు. వీలైతే దిగి చూడండి. ఎల్లారెడ్డికి చేరువలోనే మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగరు ఉన్నది.

నేను చేరేసరికి పందిట్లో చిన్న తగవు జరుగుతున్నది. పెళ్ళికూతురి తాత డప్పు వాళ్ళను పిలిపించాడు. కుర్రవాళ్ళు డీజేను పిలిపించారు. "డీజే వచ్చినంక డప్పెందుకు?" అంటారు కుర్రవాళ్ళు. డప్పు వాళ్ళు నలుగురూ ఒక మూల గడ్డిమంట వేసి, మాట్లాడకుండా డప్పులు కాచుకుంటున్నారు. మంట వేడికి తోలు బిగిస్తేనే డప్పు గణగణమంటుంది.

డీజే నడిపే అబ్బాయికి ఇరవై ఏళ్ళుంటాయి. అతని బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. రెండు గుండ్రటి పళ్ళాలు, నడుమ చిన్న తెర, కొన్ని మీటలు ఉన్న ఒకే పెట్టె ఉన్నది. "ల్యాప్‌టాప్ లేకుండా ఎట్లా నడుస్తుందోయ్?" అని అడిగాను.

"అంతా దీంట్లనే ఉంటది సారూ. పాటలు పెన్‌డ్రైవ్‌ల ఉంటయి," అన్నాడు.

1972లో జపానువారి టెక్నిక్స్ ఎస్.ఎల్.-1200 అనే గ్రామఫోను యంత్రం వచ్చింది. డీజేలు అటువంటివి రెండు పక్కపక్కన పెట్టుకుని, పళ్ళాలను చేత్తో తిప్పుతూ పాటలు కలిపేవారు. తరువాత సీడీలు, ఆ పైన ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఇప్పుడు చిన్న కంప్యూటరును ఆ పెట్టెలోనే అమర్చేశారు. 2024లో ఆల్ఫాతీటా అనే జపాను కంపెనీ బ్యాటరీతో నడిచే అటువంటి పెట్టెను తెచ్చింది. జనం ఒక పాట వింటూ ఉండగా, డీజే తన చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోనులో రాబోయే పాటను వింటాడు. దాని వేగాన్ని మొదటి పాట వేగానికి సరిచేసి, మెల్లగా కలుపుతాడు. అదీ కిటుకు!

అబ్బాయి రెండు పెద్ద స్పీకరు డబ్బాలు పెట్టాడు. దగ్గరి దానికి తీగ కలిపాడు. పందిరి అవతలి కొసన ఉన్న దానికి తీగ లేకుండా బ్లూటూత్ కలిపాడు. పాట మొదలయింది. కాని ఆడేవాళ్ళ అడుగులు తడబడుతున్నాయి! అబ్బాయి తెర చూశాడు. అందులో అంతా సరిగానే ఉన్నది.

అప్పుడు డప్పు వాళ్ళలో పెద్దాయన లేచి వచ్చాడు. "బిడ్డా, నీ డబ్బాలు ఒక్క మాట మీద లేవు. ఆ కొసది ఎనుకవడ్డది," అన్నాడు.

నేను లెక్కల మేష్టరును కదా, వెంటనే లెక్క వేశాను. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పందిరి పొడవు 17 మీటర్లనుకుందాం. దానిని దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. అంత కొద్ది ఆలస్యానికి అడుగులు ఇంతగా తడబడవు. మరి తప్పు ఎక్కడ?

తప్పు బ్లూటూత్‌లో ఉన్నది. అది పాటను కుదించి, ముక్కలుగా చేసి, రేడియో తరంగాల మీద పంపుతుంది. అవతలి డబ్బా ఆ ముక్కలను కొంచెం కూడబెట్టుకుని, విప్పి, అప్పుడు వినిపిస్తుంది. దీనికి సెకనులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పట్టవచ్చు. పాటలో నిమిషానికి 120 దరువులుంటే, దరువుకూ దరువుకూ నడుమ అర సెకను. రెండో డబ్బా పావు సెకను వెనుకబడితే దాని దరువు సరిగ్గా రెండు దరువుల నడుమ పడుతుంది. ఒక్క పాటే రెండు పాటలవుతుంది! ఈ ఆలస్యాన్ని సెకనులో నూరో వంతుకు తగ్గించే రేడియో పద్ధతులు కూడా ఇప్పుడు ఉన్నాయి. కాని అవి ఆ పందిట్లో లేవు.

అబ్బాయి రెండు డబ్బాలనూ ఒకే పక్కకు చేర్చి, రెండింటికీ తీగలు కలిపాడు. పెద్దాయన ఒక్క క్షణం విని తల ఊపాడు. అబ్బాయి నవ్వి, "తాతా, మీరు గూడ కొట్టుండ్రి," అన్నాడు. పెద్దాయన చిర్ర ఎత్తాడు. తరువాత డప్పెందుకని ఎవరూ అడగలేదు. పది గంటలకు పాట ఆపేశారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడుస్పీకర్లు మోగరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి.

సామాను సర్దుతూ అబ్బాయి, "సారూ, ఇంటికి పోయినంక గూడ చెవుల్ల గుయ్యిమంటది," అన్నాడు. నాకు దిగులు వేసింది. 85 డెసిబెల్‌ల మోతను రోజుకు 8 గంటలకు మించి వినరాదని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ గడువు సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే! మన లోపలి చెవిలో వెంట్రుకల వంటి సన్నని మొలకలున్న కణాలు ఉన్నాయి. అవి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. చెవిలో మోత వాటి మొర.

"నాయనా, ఇవాళ తెర పట్టుకోలేని తప్పును చెవి పట్టింది. నీ సామానులో కొత్తది కొనలేనిది అదొక్కటే. చెవులలో బిరడాలు పెట్టుకో, మోత తగ్గించు," అన్నాను. అతడు తల ఊపి, మా ఎదుటనే ఫోను తీసి బిరడాల ధర వెదికాడు.

పిల్లలూ, ఈసారి పెళ్ళిలో డబ్బాకు దూరంగా నిలబడి ఆడండి. దరువు అక్కడికీ వినిపిస్తుంది.