దప్పిగొన్న విషము

మా బాల్యమున కడపలో, ఎండలు ముదురక మునుపే, కళాయి వేయువాడు వీధి వేపచెట్టు క్రింద గుంత త్రవ్వి, తోలుతిత్తి అమర్చి, ఇంటింటినుండి తెచ్చిన ఇత్తడి గిన్నెలను నిప్పులపై త్రిప్పుచు, అవి బాగుగా కాగినంతనే చిటికెడు నవాసారపు పొడి చల్లెడివాడు. చల్లినంతనే తెల్లని పొగ లేచి, చుట్టు మూగిన మా కన్నులలోను ముక్కులలోను దూరి, దగ్గించి, తుమ్మించి, మమ్ము నాలుగు దిక్కులకు చెదరగొట్టెడిది. కాగిన నవాసారము అమోనియాగాను, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిగాను విడిపోవుననియు, చల్లారినపుడు అవి రెండును కలిసి మరల నవాసారమే యగుననియు పిదప చదువుకొంటిని. ఆనాటికి నాకు తెలిసినది ఒక్కటే: పొగ తరిమెడిది, మేము పారిపోయెడివారము. ఆ తరుముటయే అది మాకు చేసిన మేలని గ్రహించుటకు మాత్రము సగము జీవితము పట్టినది.

కర్నూలు, కడప మండలములలో వైద్యము చేయువానికి పాముకాటులు, వడదెబ్బలు, పురుగుమందు త్రావినవారు నిత్యదృశ్యములు. రసాయనములవలన కన్నో గొంతో కాలి వచ్చువారు వారితో పోల్చినచో తక్కువయే. తక్కువయైనను ఆ రోగుల ముఖములే నాకు తరచుగా జ్ఞప్తికి వచ్చును. ఏలయన, వారి భాగ్యము ఆసుపత్రిలో తేలినది కాదు, మా గడప త్రొక్కుటకు ముందే, మొదటి పావుగంటలోనే తేలిపోయినది.

ఈ మంట పుట్టించు వాయువుల నడవడి యంతయు ఒక్క గుణము నాశ్రయించి యున్నది; అది నీటితోడి చెలిమి. ఇంటర్మీడియట్ చదివినవారందరు ఫౌంటెన్ ప్రయోగమును చూచియో వినియో యుందురు. అమోనియా నింపిన గాజుకుప్పెలోనికి నాలుగు బొట్ల నీరు చేరినంతనే, క్రింది పాత్రలోని నీరు జలయంత్రమువలె పైకి చిమ్మును. ఒక పాలు నీరు దాదాపు 700 పాళ్ల అమోనియాను తనలో కలుపుకొనుటయే దానికి హేతువు. ఆ సంగతి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారిలో, ఆ కుప్పె స్థానమున తన కన్ను ఉండిన నేమగునో తలపోసినవారు అరుదు. అమోనియాకు ఎదురగు మొదటి తడి కంటి చెమ్మ, ముక్కు చెమ్మ. అచ్చటనే అది ఆగి అచ్చటనే కాల్చును. క్లోరిన్ ఒక పాలు నీటిలో రెండు మూడు పాళ్లకు మించి కరగదు కావున, గొంతును కొంత బాధించి, కొంత క్రిందికి దిగి శ్వాసనాళములను పట్టును. గోధుమవన్నెగల నత్రజని డయాక్సైడు నీటితో మెల్లమెల్లగా గాని కలియదు; అది ముక్కును గొంతును అంతగా పలుకరింపకయే దాటి, గాలియు రక్తమును కలిసికొను పలుచని పొరలదాక పోయి, తీరికగా తన పని చేసికొనును. మూడును దప్పిగొన్నవే. బయట నీరు దొరకనిచో మన దేహములోని తడిని వెదకికొనును.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నమున, జూనియర్ కళాశాల ప్రయోగశాల అటెండరు నొకనిని ఇద్దరు విద్యార్థులు ఆటోలో తెచ్చిరి. రేకుల కప్పుగల గదిలో నున్న గాఢ అమోనియా సీసా మూత బిగుసుకొనియుండగా, దానిని మోకాళ్ల నడుమ ఇరికించుకొని, ముఖము వంచి త్రిప్పినాడట. మూత ఎగిరి ద్రావణము కన్నులలో చిమ్మినది. నూటికి 25 పాళ్ల అమోనియాగల ద్రావణము సుమారు 38 డిగ్రీలకే మరుగ నారంభించును. మా సీమ వేసవి 40 దాటుట వింత కాదు. అనగా ఆ సీసాలో నున్నది మూతవేసిన మరుగునీళ్ల వంటిది. ఆ సంగతి అతనికి చెప్పినవారు లేరు.

“నీళ్లు ఎంత పోసినారప్పా?” అని అడిగితిని.

“ఒక చెంబుడు పోసినాం సార్. ఈ పొద్దు ట్యాంకర్ రాలేదు. కొళాయిలో చుక్క ల్యాదు.”

కన్ను విప్పి చూచితిని. నల్లగ్రుడ్డు గాజుగింజవలె మెరయవలసినచోట పాలు విరిగినట్లుండెను. ఆమ్లము కంటిలో పడినపుడు అచ్చటి మాంసకృత్తులు గడ్డకట్టి కొంతవరకు తామే అడ్డుగోడ యగును. క్షారమునకు అట్టి అడ్డు లేదు, కణముల పైపొరలోని క్రొవ్వును సబ్బుగా మార్చుచు అది లోనికే సాగును. అందును అమోనియా అత్యంత వేగముగలది. కొన్ని నిమిషములలోనే కంటి లోపలి గదిని చేరును. అతడు మాకడకు వచ్చుటకు ముప్పావుగంట పట్టినది. మేము సెలైను సీసాలు ఒకటి వెంట నొకటి ధారగా పోసి, రెప్ప తిరగవేసి కడిగి, లిట్మసు కాగితముతో పరీక్షించుచు గంటసేపు శ్రమించితిమి. ఎడమ కంటి చూపు కొంత నిలిచెను, కుడికన్ను పోయెను.

నన్ను అధికముగా బాధించిన విషయమేమనగా, ఆ సీసా చీటీపైననే ‘విస్తారమైన నీటితో కడుగవలెను’ అని ఇంగ్లీషున అచ్చువేసి యుండుట. విస్తారమనగా ఎంత? కన్ను కడుగుటకు ప్రయోగశాలలలో అమర్చు సాధనము నిమిషమునకు లీటరున్నర చొప్పున 15 నిమిషములు ధార విడువవలెనని నియమము; అనగా 22 లీటర్లకు పైబడి, మన లెక్కకు దాదాపు రెండు బిందెలు. క్షారమైనచో అదియు చాలదు, అరగంటయైనను కడుగవలెను. బిందె నీటికై మిట్టమధ్యాహ్నము బోరింగుకడ వరుసలో నిలుచు మన ఊళ్లలో, రెండు బిందెలు ఒక్క కంటిపై గుమ్మరించుటకు ఎవనికి చేయి వచ్చును? పొదుపు మనకు అలవాటు కాదు, అది మన ఎముకలలో నున్నది. దానిని ఆ పావుగంటసేపు మరచుటయే ప్రథమచికిత్స.

మరచిన ముదుసలి నొకతెను ఎరుగుదును. ముద్దనూరు ప్రాంతపు పల్లెలో, తాంబూలపు సున్నపు పొట్లమును నొక్కుచు ఆడుకొనుచున్న నాలుగేండ్ల మనుమని కంటిలో అది పగిలి చిమ్మినది. ఇరుగుపొరుగువారు తల్లిపాలు పిండుమనిరి, నిమ్మరసము వేయుమనిరి. ఆమె ఎవరి మాటయు వినక, బిడ్డను ఒడిలో అడ్డముగా పరుండబెట్టి, ఆ యుదయము మైలు దూరమునుండి మోసికొని వచ్చిన మూడు కడవల నీటిని, కడవలు బోర్లపడువరకు ఆ కంటిపై పోసినదట. మాకడకు వచ్చునప్పటికి రెప్పక్రింద రెండు సున్నపు పలుకులు మాత్రము మిగిలియుండెను. వానిని దూదితో తీసి మరల కడిగితిమి. పదిదినములకు కన్ను తేరుకొనెను. ఎవరు చెప్పిరమ్మా అని అడిగితిని. “ఎవరు చెప్పల్ల సామీ? నీళ్లు రేపన్నా తెచ్చుకుంటాం. కన్ను యాడనుంచి తెచ్చేది?” అని ఆమె నన్నే ఎదురు ప్రశ్నించెను. విరుగుడు పేర నిమ్మరసము వేయరాదనుటకు కారణము గ్రంథములలో కలదు: ఆమ్లమును క్షారమును కంటిలో కలిపినచో వేడి పుట్టి పుండుపై పుండగును. గ్రంథము నెరుగని ఆమె దానిని పాటించినది.

నంద్యాల 2020 నాటికి కర్నూలు జిల్లాలోనే యుండెను. విశాఖపట్టణమున 2020 మే 7వ తేదీ వేకువజామున స్టైరీన్ ఆవిరి జనావాసములపై వ్యాపించి ప్రాణములు తీసిన యేబదియొక్క దినములకు, జూన్ 27న నంద్యాలలోని ఎస్.పి.వై. ఆగ్రో కర్మాగారమున అమోనియా వెలువడి అచ్చటి ఉన్నతోద్యోగి ఒకరు మరణించిరి, మరికొందరు అస్వస్థులైరి. ఆ వార్త విని ఎందరో నన్నడిగిరి: అంత ఘాటైన వాయువును పసిగట్టి పారిపోలేరా యని. పారిపోవుటకు దారియున్నవానికి ఘాటు ఘంట వంటిది. గాలికి ఎదురుగా, తడిగుడ్డ ముక్కునకు అడ్డముపెట్టుకొని నడిచినచో ఆ తడియే కొంత అమోనియాను పట్టుకొనును. దట్టమైన మేఘము నడుమ చిక్కినవానికి మాత్రము కన్ను తెరవ వశము గాదు, గొంతు బిగుసుకొనును, ఘంట మ్రోగుచునే యుండగా కాళ్లు కదలవు.

నీరే విషమునకు త్రోవ తీసిన సందర్భము నొకటి చెప్పవలెను. 2009 అక్టోబరు ప్రారంభమున తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచి, పిదప తీసిపోయినపుడు, ఇండ్లలో అడుగుమేర బురద మిగిలెను. ఆ బురద కడుగుచు ఒక గృహిణి స్నానాల గదిలో బ్లీచింగు పొడి చల్లి, అది చాలదని దానిపైననే మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును పోసినది. రెండును కలిసినచో క్లోరిన్ పుట్టును. అది గాలికంటె రెండున్నర రెట్లు బరువైనది కావున, వంగి నేల రుద్దుచున్నవాని ముఖముకడనే నిలుచును. పిల్లికూతల శ్వాసతో ఆమె వచ్చెను. ప్రాణవాయువును, శ్వాసనాళములు వదులుచేయు మందును ఇచ్చి రెండు దినములలో పంపితిమి. బ్లీచింగుపొడిని ఆమ్లముతోను, అమోనియాతోను కలుపరాదను ఒక్క వాక్యము ప్రతి యింటి గోడపైనను తెలుగున ఉండవలసినది.

ఇక నా తప్పు. ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో, ప్రొద్దుటూరి స్వర్ణకారు డొకడు ఉదయము దగ్గుచు వచ్చెను. పాత బంగారములోని వెండిని, రాగిని తొలగించుటకై చిన్న గదిలో కిటికీ మూసి నత్రికామ్లము కాచితిననియు, గోధుమవన్నె పొగ వచ్చినదనియు, అంతగా మండలేదనియు చెప్పెను. రొమ్మునకు గొట్టము పెట్టి వింటిని, స్వచ్ఛముగా నుండెను. దగ్గుమందు వ్రాసి పంపితిని. అర్ధరాత్రి దాటిన పిదప అతని భార్య అతనిని తిరిగి తెచ్చునప్పటికి పెదవులు నీలమై, ఊపిరితిత్తులలో నీరుచేరి, నోట ఎఱ్ఱని నురుగు వచ్చుచుండెను. “పొద్దున బాగుండాడని మీరే పంపిస్తిరి గదా సార్” అని ఆమె అనిన మాటలో నింద లేదు, ఆశ్చర్యము మాత్రమే కలదు. నింద యుండిన కొంత తేలికగా నుండెడిది. అతడు బ్రదికెను. అది నా నైపుణ్యముకంటె అతని ఆయువు గట్టిదగుట వలన. నత్రజని డయాక్సైడు పీల్చినవాడు కొన్ని గంటలు కులాసాగా తిరిగి పిదప కూలుననియు, అతనిని ఒక దినమంతయు కనిపెట్టి యుండవలెననియు, తేరుకొన్న పిదప కూడ కొన్ని వారములకు ఆయాసము మరల రావచ్చుననియు నేను చదివియే యుంటిని. చదివినదానికి, రోగి నవ్వుచు ఎదుట నిలిచినపుడు గుర్తువచ్చుటకు నడుమ ఎంత దూరము కలదో ఆ రాత్రి తెలిసినది. బాల్యమున నవాసారపు పొగ మమ్ము తరిమినది. ఇది తరుమలేదు, ఆ స్వర్ణకారుని కూర్చుండనిచ్చినది.

కొన్ని యేండ్లకు ఆ జూనియర్ కళాశాలలో ఆరోగ్యవిషయమై ప్రసంగింపుమని పిలిచిరి. ప్రసంగము ముగిసిన పిదప ప్రయోగశాల చూడబోతిని. అమోనియా సీసా ఇపుడు నేలమీద తడియిసుక తొట్టిలో, చల్లని మూల నుండెను. తెరచుటకు ముందు మంచునీటిలో ఉంచి, పొగ లాగు పెట్టెలో పెట్టి, అద్దములు ధరించి, మూత అవతలి దిక్కునకు త్రిప్పి తెరతుమని, వాసనను చేతితో విసరుకొని చూతుమే గాని సీసాపై ముక్కు పెట్టమని విద్యార్థులు ఒప్పజెప్పిరి. నేర్పినవాడు ఆ అటెండరే. కుడికంటికి నల్లని అద్దము.

మే మాసపు ఎండ. నా గొంతు పిడచకట్టియుండెను. తలుపు ప్రక్కన గుడ్డ వాసెన కట్టిన రెండు బిందెలు, పైన సత్తుగ్లాసు కనబడగా చేయి చాచితిని. అతడు గబగబ వచ్చి నా చేతినుండి గ్లాసును మెల్లగా తీసికొని బిందెపై బోర్లించెను.

“అవి తాగే నీళ్లు కావు సార్. కంటి నీళ్లు.”

వేరొక చెంబు తెచ్చుటకు అతడు బయటికి పోయెను. నేను దప్పితోనే నిలుచుంటిని.